మేనల్లుడి కోసం క్లబ్‌కి ఉత్తరం రాయాలా, వద్దా?

ఎడమకాలు_10
మా అక్క కొడుక్కి తొమ్మిదేళ్లు. ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్. కీమో మొదలై కొన్ని నెలలైంది, ఇంకా చాలా ఉంది. వాడికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం, మంచం మీద పడుకుని కూడా లైనప్‌లు రాసుకుంటూ ఉంటాడు. వాడి అభిమాన ఆటగాడికి, క్లబ్‌కి ఉత్తరం రాద్దాం, చిన్న వీడియో పంపినా చాలు కదా అని బావ అంటున్నాడు. అక్క ససేమిరా అంటోంది. జవాబు రాకపోతే పిల్లాడు కుంగిపోతాడని ఒక భయం, వస్తే వాడి గుండు తల ఫోటో ఊరంతా తిరుగుతుందని ఇంకో భయం. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది, మధ్యలో నేను నలుగుతున్నాను. దగ్గర్నుంచి చూసినవాళ్లుంటే చెప్పండి. దీనివల్ల పిల్లలకి నిజంగా ఒరిగేదేమైనా ఉందా, లేక ఆటగాళ్ల పేరు కోసం జరిగే తంతా?

పెనాల్టీ_ప్రసాద్
రాసేయండి అన్నా. ఇందులో అంత ఆలోచించేదేముంది.

రెడ్‌కార్డ్_రమణ
నేను మీ అక్క గారి పక్షం. ఎక్కువ భాగం పబ్లిసిటీయే. ఆటగాడి వెనక మీడియా మనిషి, ఆయన వెనక కెమెరాలు. పండగ ముందు ఒకరోజు వార్డుకొస్తారు, నాలుగు మంచాల దగ్గర నవ్వుతూ నిలబడతారు, సంతకం పెట్టిన బంతి చేతిలో పెట్టి వెళ్లిపోతారు. సాయంత్రానికి క్లబ్ పేజీ నిండా లైకులు. మర్నాడు పొద్దున ఆ పిల్లాడికి మళ్లీ అదే సూది, అదే వాంతులు. అప్పుడు ఎవరూ ఉండరు. జబ్బుపడ్డ పిల్లాడి ముఖం క్లబ్ ప్రచారానికి వాడుకోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడదు.

ఆఫ్‌సైడ్_అనిత
రమణ గారూ, డెఫో సంగతి మర్చిపోయారా? బ్రాడ్లీ లోవరీ అని ఇంగ్లండ్ క్లబ్ సండర్‌లాండ్ అభిమాని, చిన్న పిల్లాడు. ఏడాదిన్నర వయసులోనే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్ బయటపడింది. 2016 సెప్టెంబరులో ఎవర్టన్‌తో మ్యాచ్‌కి మస్కట్‌గా వచ్చాడు, సండర్‌లాండ్ స్ట్రైకర్ జెర్మైన్ డెఫోతో పరిచయం అక్కడే. మస్కట్‌గా వచ్చిన పిల్లలు మైదానంలోకి చేయి పట్టుకుని నడుస్తారు, ఫోటో దిగుతారు, మామూలుగా కథ అక్కడితో సరి. డెఫో అక్కడితో ఆపలేదు. ఆసుపత్రికి వెళ్లేవాడు, మంచం మీద పక్కన పడుకునేవాడు, పిల్లాడు ఆయన మీదే వాలి నిద్రపోయిన ఫోటో ఒకటుంటుంది, చూసే ఉంటారు. 2017 మార్చిలో లండన్ వెంబ్లీ స్టేడియంలో లిథువేనియాతో మ్యాచ్‌కి ఇంగ్లండ్ జట్టుతో పాటు నడిచింది వాడే, డెఫో చేయి పట్టుకుని. ఆ రోజు డెఫో చాలా ఏళ్ల తర్వాత దేశం తరఫున ఆడుతూ గోల్ కూడా కొట్టాడు. జూలై 7న బ్రాడ్లీ చనిపోయాడు, ఆరేళ్లు. అంతకు ముందు రోజే, కొత్త క్లబ్‌లో చేరిన సందర్భంగా విలేకరుల ముందు కూర్చున్న డెఫో, ఆ పిల్లాడి గురించి అడిగితే మాట రాక ఏడ్చేశాడు. అది తంతు ఎలా అవుతుందండీ?

రెడ్‌కార్డ్_రమణ
డెఫోని నేనెప్పుడూ ఒక్క మాట అనను. కానీ అనిత గారూ, మీరు చెప్పిందే నా మాటకి బలం. ఆయన గొప్పదనం మళ్లీ మళ్లీ వెళ్లడంలో ఉంది. నేను తప్పుపట్టేది ఒక్కసారి వచ్చి మాయమయ్యేవాళ్లని. అలాంటివాళ్లే ఎక్కువ.

మిడ్‌ఫీల్డ్_మూర్తి
బ్రాడ్లీ విషయంలో డెఫో ఒక్కడే కాదు. ఆ ఎవర్టన్ మ్యాచ్‌లో అయిదో నిమిషానికి రెండు జట్ల అభిమానులూ వాడి పేరు పాటగా పాడారు, వాడికి అయిదేళ్లని. ఎదుటి జట్టు ఎవర్టన్ వాడి చికిత్సకి రెండు లక్షల పౌండ్లు ఇచ్చింది. డిసెంబరులో చెల్సీ మ్యాచ్ ముందు వార్మప్‌లో వాడు చెల్సీ గోల్‌కీపర్ బెగోవిచ్‌కి పెనాల్టీ కొట్టాడు, ఆయన కావాలనే చక్కగా దొర్లి పక్కకి పోయాడు 😀 బీబీసీ వాళ్లు దాన్ని ఆ నెల ఉత్తమ గోల్‌గా కూడా ప్రకటించారు, ఎమ్‌ఖితార్యాన్ తేలు తోకలా మడమ వెనక్కి ఎత్తి కొట్టిన గోల్‌తో సమానంగా.

పెనాల్టీ_ప్రసాద్
ఆ పెనాల్టీ నేను ఎన్నిసార్లు చూశానో! పిల్లాడు గోల్ మూలకి చూసి మరీ కొట్టాడు. మా జట్టు స్ట్రైకర్‌కి ఆ వీడియో పంపాలి.

వార్డ్_సిస్టర్
పిల్లల క్యాన్సర్ వార్డులో నర్సుని. ఏ ఆసుపత్రి అన్నది వదిలేయండి, ఏ ఆటగాడు అన్నదీ వదిలేయండి.

రమణ గారు చెప్పిన రకం వాళ్లని నేనూ చూశాను. పిల్లాడి పేరు అడక్కుండానే భుజం మీద చేయి వేసి కెమెరా వైపు తిరిగేవాళ్లు. పిల్లలకి అది వెంటనే తెలిసిపోతుంది. కానీ ఇంకో రకం కూడా ఉన్నారు, వాళ్ల గురించి చెప్పాలి.

మా వార్డులో పదిహేనేళ్ల అబ్బాయి ఒకడు ఉండేవాడు. ఆటగాళ్లు వస్తున్నారని తెలిసి చిన్నపిల్లలంతా హాల్లో పోగైతే వాడు మాత్రం టోపీ కిందికి లాక్కుని దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఈ వయసు పిల్లల్ని ఎవరూ పట్టించుకోరు, అందరికీ అయిదేళ్ల బుజ్జాయిలే కావాలి. వచ్చినవాళ్లలో ఒక డిఫెండర్ అది గమనించి, కెమెరావాళ్లని బయటే ఉండమని చెప్పి, "లోపలికి రావచ్చా?" అని వాడినే అడిగాడు. వాడు ఊ అనలేదు, ఊహూ అనలేదు. ఆయన మంచం పక్కన నేల మీద కూర్చున్నాడు. తన మోకాలి లిగమెంటు తెగి నెలల తరబడి ఆటకి దూరమైనప్పుడు జిమ్‌లో ఒంటరిగా ఉన్న రోజుల గురించి, జట్టు వాళ్లు గెలిచి పండగ చేసుకుంటుంటే టీవీ కట్టేసిన సంగతి, ఇలా ఏదో చెప్పుకుంటూ పోయాడు. కాసేపటికి ప్యాంటు పైకి లాగి మోకాలి మీది కోత చూపించాడు. మావాడు దుప్పటి తీశాడు. చొక్కా గుండీ విప్పి ఛాతీ మీద కీమో మందు ఎక్కించే పోర్ట్ పెట్టిన మచ్చ చూపించాడు. ఎవరి మచ్చ పెద్దదని ఇద్దరూ వేలితో కొలుచుకున్నారు. ఆ గదిలో ఫోటో ఒక్కటి కూడా దిగలేదు. ఆ తర్వాత ఫిజియోథెరపీ అంటే మొహం చాటేసే పిల్లాడు తనే లేచి నడవడం మొదలుపెట్టాడు, "ఆయన కూడా విసుగ్గా ఉన్నా చేశాడంట కదా సిస్టర్" అని.

ఆఫ్‌సైడ్_అనిత
ఇది చదివి కళ్లు చెమర్చాయి అక్కా.

తెల్లకోటు
పిల్లల డాక్టర్ని. ఆటగాడు వచ్చి పలకరించినంత మాత్రాన జబ్బు తగ్గదు, ఆ ఆశ తల్లిదండ్రులకి ఎవరూ కల్పించకూడదు. కానీ సిస్టర్ గారు చెప్పిన మార్పు నిజం. చికిత్సలో సగం పని పిల్లాడు సహకరించడమే. మందు మింగాలి, కదలకుండా పడుకోవాలి, నడవాలి, తినాలి. ఏదో ఒక దాని కోసం ఎదురుచూసే పిల్లాడితో ఈ పనులన్నీ తేలిక.

ఎడమకాలు గారూ, మీ మేనల్లుడిది ఏ రకం ల్యుకేమియా అన్నది నాకు తెలియదు, పిల్లల్లో ఎక్కువగా కనిపించేది ఎఎల్‌ఎల్ (అక్యూట్ లింఫోబ్లాస్టిక్ ల్యుకేమియా) అనే రకం. మంచి చికిత్స అందే దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో 80 శాతానికి పైగా నయమవుతున్నారు. పేద దేశాల్లో చాలాచోట్ల అది 30 శాతం కూడా దాటడం లేదు. 2030 నాటికి అన్ని దేశాల్లో కలిపి కనీసం 60 శాతానికి తేవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఇలాంటి ఉత్తరం అనగానే చాలామంది "ఆఖరి కోరిక" అనే ఊహలోకి వెళ్లిపోతారు. అలా అనుకోనక్కర్లేదు. నయమయ్యే పిల్లాడికి కూడా సంతోషం కావాలి.

ఎవరైనా స్వయంగా వచ్చే అవకాశం ఉంటే మాత్రం ముందు కౌంట్స్, అంటే రక్తకణాల లెక్కలు చూడాలి. కీమో తర్వాత ఇన్ఫెక్షన్లతో పోరాడే తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్, 500 కంటే తగ్గితే చిన్న జలుబు కూడా ప్రమాదం. వచ్చేవాళ్లకి దగ్గు, తుమ్ము ఏమీ ఉండకూడదు, మాస్క్ ఉండాలి, చేతులు కడగాలి. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్స్ తక్కువగా ఉంటే గట్టి బంతితో ఆట వద్దు, మెత్తటిది చాలు.

బ్యాక్‌పాస్_బాబు
అభిమానుల సంగతి కూడా చెప్పుకోవాలి. 2016లో నెదర్లాండ్స్‌లో, రోటర్‌డామ్‌లో ఫెయెనూర్డ్‌తో మ్యాచ్‌కి ఏడీవో డెన్ హాగ్ అభిమానులు వచ్చారు. రెండు క్లబ్‌లకీ పడదు. వాళ్లకిచ్చిన సీట్లు పై అంతస్తులో, సరిగ్గా కింద అంతస్తులో పిల్లల ఆసుపత్రి నుంచి తీసుకొచ్చిన పిల్లలు. ఆట మధ్యలో పైనుంచి బొమ్మల వాన! ఎలుగుబంట్లు, కుందేళ్లు, ఏవి పడితే అవి. పిల్లలు చేతులు చాపి పట్టుకుంటున్న వీడియో చూడండి, మనసు బాగోలేనప్పుడల్లా నేను పెట్టుకుంటాను.

పెనాల్టీ_ప్రసాద్
పై స్టాండ్ నుంచి ఏదైనా పడుతోందంటే సెక్యూరిటీ వాళ్లు పరిగెత్తాలి, ఇక్కడ పిల్లలు పరిగెత్తారు 😀

వింగర్_విమల
2022 ప్రపంచ కప్‌లో ఇరాన్ మీద ఇంగ్లండ్ ఆటగాడు గ్రీలిష్ గోల్ కొట్టి చేతులు అలల్లా ఊపాడు, గుర్తుందా? సెరిబ్రల్ పాల్సీ (కండరాల కదలిక మీద పట్టు సరిగ్గా లేకపోవడం) ఉన్న ఓ పదకొండేళ్ల అబ్బాయికి ఇచ్చిన మాట అది. టోర్నీకి ముందు కలిసినప్పుడు ఆ పిల్లాడే ఆ డ్యాన్స్ అడిగాడట. ఇంగ్లండ్ 6-2తో గెలిచింది, ఆ ఆరో గోల్ గ్రీలిష్‌దే. గ్రీలిష్ చెల్లెలికి కూడా సెరిబ్రల్ పాల్సీ ఉంది, అందుకే ఆయన ఆ పిల్లాడితో మాట్లాడే తీరులో జాలి అన్నది కనిపించదు. మామూలు అబ్బాయితో మాట్లాడినట్టే.

తెల్లకోటు
మంచి ఉదాహరణ విమల గారూ. ఒక్క చిన్న మాట, సెరిబ్రల్ పాల్సీ జబ్బు కాదు, పుట్టుకతోనో పుట్టిన కొత్తలోనో మెదడుకి కలిగిన హాని వల్ల వచ్చే స్థితి. అది పెరిగిపోయేదీ కాదు. ఆ పిల్లల్ని రోగుల లెక్కలో వేయకపోతే బాగుంటుంది.

వింగర్_విమల
అవును డాక్టర్ గారూ, గమనిస్తాను.

రెండో_సగం
ఇక్కడ ఎప్పుడూ చదివి వెళ్లిపోతాను, ఇవాళ రాయాలనిపించింది. పన్నెండేళ్లప్పుడు నాకు లింఫోమా, అదీ ఒక రకం క్యాన్సరే. ఇప్పుడు ఉద్యోగం చేసుకుంటున్నాను, ఆదివారాలు ఆడుతున్నాను కూడా.

నా దగ్గరికి ఏ ఆటగాడూ రాలేదు. నాకు ధైర్యం ఇచ్చింది బార్సిలోనా డిఫెండర్ అబిదాల్. 2011 మార్చిలో ఆయన కాలేయంలో కణితి అని ఆపరేషన్ చేశారు. మే 28న వెంబ్లీలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ మొత్తం ఆడాడు, కప్పు అందుకోవాల్సిన కెప్టెన్ పుయోల్ చేతి పట్టీ తీసి అబిదాల్‌కి కట్టి, ముందు నువ్వు ఎత్తు అన్నాడు. మరుసటి ఏడాది కాలేయ మార్పిడి అయింది, ఆ తర్వాత కూడా తిరిగొచ్చి ఆడాడు. ఆ కప్పు ఎత్తిన క్షణం చూశాక "మళ్లీ ఆడతానా" అని ఎవరినీ అడగడం మానేశాను. ఎప్పుడు ఆడతానన్నదే ఆలోచన.

మీ మేనల్లుడికి చూపించడానికి ఇంకొందరున్నారు. ఇంగ్లండ్ క్లబ్ ఆస్టన్ విల్లా ఆటగాడు పెట్రోవ్‌కి వచ్చింది ల్యుకేమియాయే, 2012లో. ఆయన జెర్సీ నంబర్ 19 కాబట్టి ఆస్టన్ విల్లా అభిమానులు ప్రతి మ్యాచ్‌లో 19వ నిమిషంలో లేచి చప్పట్లు కొట్టేవాళ్లు. ఐవరీ కోస్ట్ స్ట్రైకర్ హాలర్ సంగతైతే ఇంకా కొత్తది, 2022 జూలైలో వృషణ క్యాన్సర్, 2023 జనవరికల్లా మైదానంలో, 2024 ఫిబ్రవరిలో ఆఫ్రికా కప్ ఫైనల్లో నైజీరియా మీద గెలుపు గోల్ ఆయనదే. ఉత్తరానికి జవాబు వచ్చినా రాకపోయినా ఇవి మాత్రం వాడికి చూపించండి.

వార్డ్_సిస్టర్
@రెండో_సగం నీ పోస్టు మా పిల్లలకి చదివి వినిపిస్తాను తమ్ముడూ. సూదికి భయపడే పిల్లలకి మెస్సీ సంగతి చెబుతుంటాం. ఎదుగుదల హార్మోన్ తక్కువై చిన్నప్పుడు రోజూ రాత్రి కాలికి తనే ఇంజెక్షన్ చేసుకునేవాడు కదా. "ఏ కాలికి?" అని అడుగుతారు ఎప్పుడూ. ఎడమ కాలికే చేయించుకుంటామని పట్టుబట్టేవాళ్లున్నారు.

ఎడమకాలు_10
ఇన్ని మాటలు వస్తాయనుకోలేదు. అక్కకి కొన్ని చదివి వినిపించాను, డాక్టర్ గారు రాసిన "ఆఖరి కోరిక" మాట దగ్గర ఆగి, ఇంకోసారి చదవమంది. తన మనసులో ఉన్న అసలు భయం అదేనేమో. ఉత్తరం రాస్తే ఏదో ఒప్పుకున్నట్టు అవుతుందని. ఫోటోల టెన్షన్ మాత్రం తగ్గలేదు. అది ఎలా ఆపాలి?

గోల్‌కిక్_గిరిజ
పిల్లల కోరికలు తీర్చే ఒక సంస్థలో వాలంటీర్‌గా పనిచేశాను. తెలిసినంతవరకు చెబుతాను.

అన్నిటికంటే ముఖ్యం, జవాబు చేతికొచ్చేదాకా పిల్లాడికి చెప్పకండి. మీ అక్క గారి మొదటి భయం దానితోనే పోతుంది. ఉత్తరం నేరుగా ఆటగాడి సోషల్ మీడియాకి పంపితే వేల మెసేజ్‌ల కింద పడిపోతుంది. పెద్ద క్లబ్‌లు చాలావాటికి సేవా కార్యక్రమాలు చూసే విభాగమో, ఫౌండేషనో విడిగా ఉంటుంది, దానికి రాయాలి. ఆసుపత్రి వాళ్ల ద్వారా వెళ్తే ఇంకా మేలు, అడిగేది నిజమైన కుటుంబమేనని వాళ్లకి నమ్మకం కుదురుతుంది. మేక్ ఎ విష్ లాంటి సంస్థలు ఇదే పని మీద ఉన్నాయి, 1980లో అమెరికాలో పోలీసు కావాలనుకున్న ఓ ల్యుకేమియా పిల్లాడి కోరికతో మొదలైంది అది. అక్కడ కూడా ఇక బతకరన్న పిల్లలకే అన్న నియమం లేదు, ప్రాణానికి ముప్పు తెచ్చే తీవ్రమైన జబ్బైతే చాలు.

ఫోటోల విషయం ఉత్తరంలోనే రాసేయండి, "ఫోటోలు, వీడియోలు మా అనుమతి లేకుండా బయట పెట్టకూడదు" అని. అడగడానికి మొహమాటపడతారు చాలామంది, వచ్చే అవకాశం పోతుందేమోనని. అది మీ హక్కు. ముందు ఒప్పుకున్నా తర్వాత వద్దనుకుంటే వద్దనొచ్చు. పిల్లాణ్ణి కూడా అడగండి, తొమ్మిదేళ్లవాడికి తన ఫోటో గురించి ఒక అభిప్రాయం ఉంటుంది.

ఇంకొకటి. "ఆటగాడితో కలిపిస్తాం, ముందు ఇంత కట్టండి" అని ఎవరు మెసేజ్ పెట్టినా మోసమే. ఇలాంటి తల్లిదండ్రుల కోసం కాచుకుని కూర్చునే దుర్మార్గులున్నారు.

రెడ్‌కార్డ్_రమణ
గిరిజ గారు చెప్పినట్టు షరతులు పెట్టి అడిగితే నాకు అభ్యంతరం లేదు. కెమెరా లేదంటే ఎంతమంది వస్తారో చూడాలి, అంతే.

మిడ్‌ఫీల్డ్_మూర్తి
రమణా, కెమెరాని మరీ అంత తీసిపారేయకు. బ్రాడ్లీని న్యూయార్క్ తీసుకెళ్లి చికిత్స చేయించడానికి ఏడు లక్షల పౌండ్లకి పైగా పోగయ్యాయి, జనానికి తెలిసింది కాబట్టే కదా. జబ్బు ముదిరిపోయి వాడికి అవి పనికిరాలేదు. ఇవాళ ఆ పేరు మీద నడుస్తున్న ఫౌండేషన్ వేరే పిల్లల కుటుంబాలకి సాయం చేస్తోంది. బార్సిలోనాలో పిల్లల క్యాన్సర్ ఆసుపత్రి కట్టడానికి 2017లో విరాళాలు మొదలైతే మెస్సీ ముందు నిలబడ్డాడు, 2022లో తెరిచారు. ఎవరికీ తెలియకుండా ఇవి జరిగేవా?

రెడ్‌కార్డ్_రమణ
డబ్బు పోగు చేయడానికి ఆటగాడి ముఖం చాలు మూర్తీ. మెస్సీని చూపించండి, ఎవరొద్దన్నారు. ముక్కులో గొట్టంతో ఉన్న పిల్లాణ్ణి చూపించక్కర్లేదు అంటున్నాను. బ్రాడ్లీ తల్లిదండ్రులు ఆలోచించుకుని ఆ దారి ఎంచుకున్నారు, వాళ్లకి చేతులెత్తి మొక్కుతాను. అందరూ ఎంచుకోవాలని ఒత్తిడి తేకూడదు.

ఆఫ్‌సైడ్_అనిత
ఈసారి రమణ గారితో ఏకీభవిస్తున్నాను. తేదీ రాసి పెట్టుకోండి అందరూ 😀

బ్యాక్‌పాస్_బాబు
పిల్లల ముఖాల మీద కెమెరా పెట్టక్కర్లేకుండా జరిగేది ఒకటి. ఇది మన ఫుట్‌బాల్ కాదు, అమెరికా వాళ్ల కోడిగుడ్డు బంతి ఆట, అదీ కాలేజీ జట్టు. అయోవాలో స్టేడియం పక్కనే పిల్లల ఆసుపత్రి, పై అంతస్తు కిటికీల్లోంచి ఆట కనిపిస్తుంది. 2017 నుంచి ప్రతి మ్యాచ్‌లో మొదటి క్వార్టర్ అయిపోగానే స్టేడియంలో ఉన్న దాదాపు 70 వేల మందీ, ఆటగాళ్లతో సహా, ఆ కిటికీల వైపు తిరిగి చేతులు ఊపుతారు. పిల్లలు లోపల్నుంచి ఊపుతారు. ఏ పిల్లాడి పేరూ, ముఖమూ ఎవరికీ తెలియక్కర్లేదు.

శ్రావణి_అమ్మ
మా బాబు ఇప్పుడు లేడు. రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను.

వాడికి ఒక గోల్‌కీపర్ వీడియో కాల్ చేశాడు. అప్పటికి వాడు పెద్దగా మాట్లాడలేకపోతున్నాడు, ఆ అబ్బాయి ఓపిగ్గా ఆగేవాడు, వాడి మాట పూర్తయ్యేదాకా. కంగారుపెట్టలేదు, వాడి తరఫున నన్ను అడగలేదు. చివర్లో "నీ పక్కన కూర్చుంది ఎవరు?" అని అడిగాడు. మా పెద్దమ్మాయి. రెండేళ్లుగా ఇంటికొచ్చిన ప్రతివాళ్లూ తమ్ముడెలా ఉన్నాడనే అడిగారు దాన్ని, నువ్వెలా ఉన్నావని ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు. ఆయన దాని పేరు అడిగాడు, ఏం చదువుతున్నావన్నాడు, నువ్వు ఏ పొజిషన్‌లో ఆడతావు అన్నాడు. అది ఆడదు అసలు. "డిఫెన్స్" అని చెప్పేసింది. వాడు పకపకా నవ్వాడు, అక్క అబద్ధమాడుతోందని. ఆ నవ్వు మా ఇద్దరికీ మిగిలింది.

ఎడమకాలు గారూ, మీ మేనల్లుడికి తోబుట్టువులుంటే ఉత్తరంలో వాళ్ల పేర్లు కూడా రాయండి.

వింగర్_విమల
శ్రావణి అమ్మా, మీరు రాసినందుకు దణ్ణం.

తెల్లకోటు
తోబుట్టువుల మాట మేము కూడా తల్లిదండ్రులకి తరచూ చెప్పాలి, చెప్పం. చాలా మంచి మాట రాశారమ్మా.

ఎడమకాలు_10
వాడికో చెల్లి ఉంది, ఆరేళ్లు. దాని సంగతి మాలో ఎవరికీ తట్టలేదమ్మా. ఇవాళే ఫోన్ చేసి దానితో మాట్లాడతాను.

అక్క ఒప్పుకుంది. మూడు మాటలు పెట్టింది. వాడికి చెప్పకూడదు, ఫోటోలు బయటికి రాకూడదు, ఉత్తరంలో "పాపం" అనిపించేలా ఒక్క వాక్యం కూడా ఉండకూడదు. బావ రాసిన మొదటి ప్రతి నిండా జబ్బు గురించే ఉంది, నాలుగు పేజీలు. అక్క మొత్తం కొట్టేసి, వాడు రాసుకున్న లైనప్ కాగితం ఒకటి ఫోటో తీసి దానికి జత చేయమంది. వాడు తన అభిమాన ఆటగాడిని బెంచి మీద కూర్చోబెట్టాడు అందులో, పోయిన వారం సరిగ్గా ఆడలేదని.

పెనాల్టీ_ప్రసాద్
అదే పంపండి! అది చూసి జవాబు రాయని ఆటగాడుంటాడా? 😀

గోల్‌కిక్_గిరిజ
లైనప్ అద్భుతం. ఉత్తరం ఒక్క పేజీ దాటనివ్వకండి. వయసు, ఇంటిపేరు లేకుండా పేరు, ఏ ఆసుపత్రి ద్వారా రాస్తున్నారు, వీడియోనా కాలా ఏది కావాలి, అంతవరకు చాలు. జబ్బు గురించి రెండు వాక్యాలు.

వార్డ్_సిస్టర్
తర్వాతి కీమో ఎప్పుడు మొదలవుతుందో కూడా రాయండి. కీమో ఇచ్చిన మొదటి కొద్ది రోజులు వికారంతో వాడికి ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, ఎంత అభిమాన ఆటగాడైనా. తర్వాతి మోతాదుకి ముందు రోజుల్లో కాస్త ఓపిక ఉంటుంది, కాల్ అప్పుడు పెట్టించుకోండి.

రెడ్‌కార్డ్_రమణ
ఉత్తరాలు రాయడం నా ఉద్యోగంలో భాగమే. ఆ నాలుగు పేజీలు నాకు పర్సనల్ మెసేజ్‌లో పంపండి ఎడమకాలు గారూ, రేపటికల్లా ఒక పేజీ చేసి పంపుతాను. వాడు బెంచి మీద కూర్చోబెట్టిన ఆటగాడు ఎవరో కూడా చెప్పండి.